తీసుకున్నావ్ సరే... తిరిగిచ్చావా?

కుళాయి కట్టడం మర్చిపోతే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. ఫ్యాను ఆపడం మర్చిపోతే నెలాఖరుకి కరెంటు బిల్లు వాత. మరి కంప్యూటరు తాను తీసుకున్న మెమొరీని వెనక్కివ్వడం మర్చిపోతే..? చుక్క కారదు, చప్పుడు రాదు. కానీ ఏదో ఒకరోజు లక్షల రూపాయల సర్వరు ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది. దాన్ని నమ్ముకున్నవాళ్ల పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కంటికి కనిపించని అలాంటి చిల్లుల్ని వెతికి పట్టుకుని, రెండుమూడు లైన్లతో పూడ్చేసే పని గురించే ఈ కథనం.

ఇల్లొకటే... వాటాలెన్నో!

సినిమా టికెట్టు తీసుకున్నా, బ్యాంకులో డబ్బులు పంపినా, ఫొటోలు దాచుకున్నా... ‘అంతా క్లౌడ్‌లోనే ఉంది’ అనేస్తుంటాం. ఆ క్లౌడ్ ఆకాశంలో ఉండదు. చల్లటి గదుల్లో బీరువాల్లా వరసగా నిలబెట్టిన సర్వర్లే క్లౌడ్. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్‌లో ప్రారంభించిన రీజియన్ కూడా అలాంటి డేటా సెంటర్ల సముదాయమే.

ఒక్కో సర్వరునీ ఒక్కో కంపెనీకి ఇచ్చేస్తే గిట్టుబాటు కాదు. అందుకే పెద్ద ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చినట్టు ఒకే సర్వరుని పదిమందికి పంచుతారు. ఎవరి వాటా వారికి సొంత కంప్యూటరులాగే కనిపిస్తుంది. అదే వర్చువల్ మెషీన్. ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. లైనక్స్‌లోకి కేవీఎం అనే ఏర్పాటు 2007 ఫిబ్రవరిలో, 2.6.20 వెర్షన్‌తో వచ్చి చేరింది. ఇవాళ ప్రపంచంలోని క్లౌడ్‌లో చాలాభాగం దానిమీదే నడుస్తోంది.

ఈ ఇంటికి యజమాని కెర్నెల్. ఎవరికెంత మెమొరీ, ఎవరికెంత సమయం అన్నది తేల్చే పెద్దమనిషి. మామూలుగా అద్దెకున్నవాళ్లకు నెట్‌వర్క్ కావాలన్నా, డిస్కు కావాలన్నా యజమాని ద్వారానే వెళ్లాలి. బోరు మోటారు వేయమని ప్రతిసారీ ఓనరు తలుపు తట్టినట్టన్నమాట. కొద్దిపాటి పనికైతే ఫర్వాలేదు. సెకనుకి లక్షల ప్యాకెట్లు పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఆలస్యం భరించలేనిదవుతుంది.

దానికి విరుగుడే డివైస్ పాస్‌త్రూ. ‘ఇదిగో స్విచ్చు, మీరే వేసుకోండి’ అంటూ ఒక నెట్‌వర్క్ కార్డునో, గ్రాఫిక్స్ కార్డునో నేరుగా అద్దెకున్నవాళ్ల చేతికే ఇచ్చేయడం. కృత్రిమ మేధ పనులకు గ్రాఫిక్స్ కార్డుల్ని క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే ఈ రోజుల్లో దీని వాడకం ఇంతా అంతా కాదు.

మేకు కొట్టిన పేజీలు

స్విచ్చు చేతికిచ్చేస్తే మరి పక్కవాటాలోకి చొరబడితే? అందుకు ఓ కాపలాదారు ఉంటాడు. పేరు ఐఓఎంఎంయూ. ఇంటెల్ వాళ్లు దీన్ని వీటీ-డీ అంటారు, ఏఎండీ వాళ్లు ఏఎండీ-వీఐ అంటారు. ‘ఈ కార్డు ఈ వాటాలోని మెమొరీని తప్ప మరొకదాన్ని ముట్టుకోకూడదు’ అని కాపలాదారు దగ్గర ఓ జాబితా ఉంటుంది. దాన్ని రాసిచ్చేదీ, కొట్టేసేదీ కెర్నెల్‌లోని డ్రైవరే.

ఇక్కడే ఓ చిక్కుంది. మెమొరీని కెర్నెల్ 4,096 బైట్ల ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కా ఒక పేజీ. ఒక జీబీ అంటే 2,62,144 పేజీలు. అవసరాన్ని బట్టి కెర్నెల్ వాటిని అటూఇటూ జరుపుతుంటుంది. వాడని పేజీని డిస్కులోకి పంపేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తుంది. కానీ నెట్‌వర్క్ కార్డుకి ఈ సర్దుబాట్లేవీ తెలియవు. చెప్పిన చోట నేరుగా రాసేస్తుంది. ఈలోగా పేజీ చేతులు మారితే..? ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంట్లో పడినట్టే!

అందుకే పాస్‌త్రూకి ఇచ్చిన వాటాలో పేజీలన్నిటికీ కెర్నెల్ మేకులు కొట్టేస్తుంది. దీన్నే పిన్నింగ్ అంటారు. అక్కణ్నుంచి ఆ పేజీ కదలదు, డిస్కులోకి వెళ్లదు, ఇంకొకరికి దక్కదు. వాటా ఖాళీ చేశాక ఒక్కో మేకూ పీకేయాలి. పీకడం మర్చిపోతే ఆ పేజీ ఎవరికీ కాకుండా పోయినట్టే.

మామూలు ప్రోగ్రాముల్లోనూ ఇలాంటి మరుపు ఉంటుంది. కానీ అక్కడ దిగుల్లేదు. ఆ ప్రోగ్రాము మూసేయగానే దాని సామానంతా కెర్నెల్ జప్తు చేసి జమ వేసుకుంటుంది. మరి కెర్నెలే మర్చిపోతే..? దానిపైన లెక్క అడిగేవాళ్లెవరూ లేరు. సర్వరుని ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ మెమొరీ గల్లంతే. ఆపాలంటే అందులోని అద్దెదార్లందర్నీ ఖాళీ చేయించాలి.

కారిపోయేది మెమొరీ ఒక్కటే కాదు. కార్డు కెర్నెల్‌ని పిలవడానికి వాడే ఇంటరప్ట్ నంబర్లూ లెక్కగానే ఉంటాయి. మనం వాడే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఒక్కో కోర్‌కి ఉండేవి 256. అందులో మొదటి 32 ప్రాసెసరు సొంతానికే. మిగిలినవి కొన్ని చిక్కుకుపోయినా కొత్త కార్డుకి చోటు కరువే.

పెళ్లి ఆగిపోతే గుండిగలెవరిస్తారు?

‘తీసుకుంది తిరిగివ్వడం అంత కష్టమా?’ అనిపించొచ్చు. కష్టం ఎక్కడుందో తెలియాలంటే ఓసారి పెళ్లింటికి వెళ్దాం.

షామియానా సప్లయర్స్ దగ్గర కుర్చీలు, గుండిగలు, బల్లలు తెస్తాం. పెళ్లయిపోతుంది. మర్నాడు ఎవరో ఒకరు లెక్కపెట్టి అప్పజెప్పేస్తారు. ఆ పని ఎవరిదో ముందే అనుకుంటారు కాబట్టి తేడా రాదు. కానీ కుర్చీలొచ్చాయి, గుండిగలొచ్చాయి, బల్లలు రాకముందే పెళ్లి ఆగిపోయిందనుకోండి. ఇల్లంతా గందరగోళం. కుర్చీల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కెర్నెల్ డ్రైవర్లలోనూ అచ్చం ఇదే జరుగుతుంది. ఒక కార్డుని అద్దెదారుకి అప్పగించాలంటే ఎన్నో మెట్లెక్కాలి. కార్డుని పట్టుకోవాలి. దానికి చిన్న ఖాతా తెరవాలి. పేజీలకు మేకులు కొట్టాలి. కాపలాదారు జాబితాలో రాయాలి. ఇంటరప్ట్ నంబర్లు తీసుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగే దారిని ప్రోగ్రామర్లు వందసార్లు పరీక్షిస్తారు. నాలుగో మెట్టు దగ్గర విఫలమయ్యే దారిని? రాసేటప్పుడు ఒకసారి చూస్తారు... అంతే. ఆ దారిలో మళ్లీ నడిచేవాళ్లు అరుదు. చిల్లులన్నీ ఎక్కువగా ఉండేది అక్కడే.

దీనికి కెర్నెల్ ప్రోగ్రామర్లు పాటించే పద్ధతి ఒకటుంది. ఎక్కిన మెట్లని అదే వరసలో వెనక్కి దిగడం. చివర తీసుకున్నదాన్ని ముందు ఇచ్చేయాలి, మొదట తీసుకున్నదాన్ని చివర ఇచ్చేయాలి. మూడో మెట్టు మీద పని చెడితే రెండో మెట్టు నుంచి దిగడం మొదలుపెట్టాలి. ఒక్క మెట్టు పైనుంచి మొదలుపెడితే తీసుకోనిదాన్ని ఇచ్చేసినట్టు. ఒక్క మెట్టు కింద నుంచి మొదలుపెడితే తీసుకున్నదాన్ని మింగేసినట్టు!

ఒక్కచోటే... మూడేళ్లలో నాలుగు!

ఇదంతా పుస్తకాల్లో మాటేం కాదు. కేవీఎంలో పాస్‌త్రూకోసం పేజీలకు మేకులు కొట్టే భాగానికి పెద్ద చరిత్రే ఉంది.

మొదటిది 2012లో బయటపడింది. అద్దెదారు మెమొరీని కెర్నెల్ కొన్ని భాగాలుగా విడదీసి ఒక పట్టీలో రాసుకుంటుంది. చివర్లో ఆ పట్టీ చూసి మేకులు పీకుతుంది. కానీ మధ్యలోనే ఒక భాగాన్ని తీసేస్తే? పట్టీలోంచి దాని పేరు పోయేది, మేకులు మాత్రం ఉండిపోయేవి. ఆఖర్న పట్టీ చూసి పీకేవాడికి ఆ సంగతే తెలిసేది కాదు. అద్దెదారు తన వాటాలోంచి పరికరాల్ని పదేపదే తీసి పెడుతూ ఉంటే చాలు, యజమాని మెమొరీ కరిగిపోయేది. సీవీఈ-2012-2121 అన్న నంబరుతో నమోదైన ఈ లోపాన్ని 3.3.4 వెర్షన్‌లో సరిచేశారు.

సరిపోయిందా? లేదు. భాగాన్ని పెట్టడం, తీసేయడం చూసుకున్నారు కానీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడం గురించి ఆలోచించలేదు. అక్కడా మెమొరీ కారింది. అది సీవీఈ-2013-4592. 3.9 వెర్షన్ నాటికి దాన్నీ పూడ్చారు.

మూడోది 2014 ఆగస్టులో. ఇది ఆగిపోయిన పెళ్లి వ్యవహారమే. మేకులు కొడుతూ కొడుతూ ఉండగా మధ్యలో పని విఫలమైతే అప్పటిదాకా కొట్టినవాటిని పీకాలి. పీకే ఫంక్షన్ ‘ఎన్ని పేజీలు?’ అని అడుగుతుంది. దానికి డ్రైవరు ‘ఎన్నో నంబరు పేజీ దగ్గర ఆగాం’ అన్నది చెబుతోంది! వందో నంబరు ఇంటి నుంచి కార్డులు పంచడం మొదలుపెట్టి 120 దగ్గర ఆగినవాణ్ని ‘ఎన్నిళ్లకు పంచావ్?’ అంటే ‘నూటిరవై’ అన్నట్టు. ఆ అంకె మరీ పెద్దదైతే యజమాని మెమొరీయే చెడిపోయే ప్రమాదం. చిన్నదైతే కొన్ని పేజీలకు మేకులు శాశ్వతంగా ఉండిపోతాయి. మొదలైన నంబరుని తీసేసి లెక్క కట్టేలా దిద్దారు. దీని నంబరు సీవీఈ-2014-3601.

కథ అయిపోయిందనుకుంటే పొరపాటే. ఆ దిద్దుబాటులోనే ఇంకో తప్పు దొర్లింది. విఫలమైన చోట ఉన్న ఆఖరి మేకు పీకడానికి ఒక లైను చేర్చారు. మేకు కొట్టే ఫంక్షన్‌కి పరిమాణం బైట్లలో చెప్పాలి. పీకే ఫంక్షన్‌కి పేజీల సంఖ్య చెప్పాలి. రెండూ ఒకేలా కనిపించే జంట ఫంక్షన్లు కావడంతో రెండోదానికీ బైట్లే ఇచ్చేశారు. అంటే ఒక్క పేజీకి కొట్టిన మేకు పీకాల్సింది... 4,096 పేజీల మేకులు పీకేయమన్నట్టు! 16 ఎంబీ మెమొరీ అన్నమాట. మనం తెచ్చింది ఒక్క గుండిగ. పక్క పెళ్లివాళ్లవి కూడా బండికెత్తించి పంపేస్తే వాళ్ల వంట గతేంటి? చిల్లు కంటే ఇదే ప్రమాదం. చిల్లు పడితే మెమొరీ తగ్గుతుంది. ఎక్కువ పీకితే వాడుకలో ఉన్న పేజీ ఇంకొకరి చేతికి వెళ్లిపోవచ్చు.

2014 అక్టోబరులో దీన్ని కూడా సరిచేశారు. ఎలాగో తెలుసా? అంకెను మార్చి ఊరుకోలేదు. కొట్టే ఫంక్షనూ పీకే ఫంక్షనూ ఒకే కొలమానం వాడేలా మార్చేశారు. ఈసారి మర్చిపోకూడదు అనుకోవడం వేరు, మర్చిపోయే అవకాశమే లేకుండా చేయడం వేరు. చిల్లులు పూడ్చే పనిలో ఉన్న అసలు కిటుకు అదే.

ఇల్లు మారారు... లెక్క మారలేదు

ఒక గోడకి పదేపదే మాసికలు వేసేకంటే కొత్త గోడ కట్టుకోవడం నయం. 2012లో వచ్చిన లైనక్స్ 3.6తో వీఎఫ్ఐఓ అనే కొత్త ఏర్పాటు మొదలైంది. కార్డుల అప్పగింత, మేకుల లెక్క, కాపలాదారు జాబితా... అన్నీ ఒక పద్ధతిలో పెట్టి, ఎవరు ఎంత మెమొరీకి మేకులు కొట్టించారో వాళ్ల ఖాతాలోనే రాసే పద్ధతి తెచ్చారు. పరిమితి దాటితే కుదరదంటుంది. పాత పద్ధతిని 2017లో 4.12 వెర్షన్‌తో పూర్తిగా తీసేశారు.

మరి ఇక్కడంతా భద్రమేనా? 2019లో ఓ కొత్త కిటికీ కనిపించింది. మామూలు మెమొరీకి కొట్టిన మేకులు ఖాతాలో పడుతున్నాయి. కార్డు సొంత మెమొరీని జాబితాలో రాయించుకుంటే మాత్రం మేకు అక్కర్లేదు, కాబట్టి ఖాతాలోనూ పడదు. కానీ జాబితాలో ఒక్కో పద్దు రాయడానికీ కాస్త మెమొరీ కావాలిగా! అలా లక్షల పద్దులు రాయించేస్తే..? సర్వరు ఊపిరాడక ఆగిపోవడమే. సీవీఈ-2019-3882గా నమోదైన ఈ లోపానికి మందుగా పద్దుల సంఖ్యకే పరిమితి పెట్టారు. మామూలుగా అది 65,535. అవసరమైతే నిర్వాహకులు మార్చుకోవచ్చు.

అసలు చిన్నచిన్న చిల్లులకి భద్రతా లోపమంటూ ఇంత హడావుడి ఎందుకు? దానికో ఉదాహరణ పాస్‌త్రూకి బయటే ఉంది. ఒక వస్తువుని ఎంతమంది వాడుతున్నారో కెర్నెల్ ఒక అంకెలో రాసుకుంటుంది. తీసుకుంటే ఒకటి పెంచడం, ఇచ్చేస్తే ఒకటి తగ్గించడం. సున్నా అయితే ఆ వస్తువుని పారేయడం. తాళాలు దాచే కీరింగ్స్ విభాగంలో ఒక దారిలో ఈ అంకెను తగ్గించడం మర్చిపోయారు. పోనీలే అనుకోవచ్చు. కానీ 32 బిట్ల అంకె 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సార్లు పెరిగాక మళ్లీ సున్నాకొచ్చేస్తుంది! స్కూటరు మీటరు తిరిగినట్టే. ‘ఎవరూ వాడట్లేదు’ అనుకుని కెర్నెల్ పారేసిన వస్తువు దొంగ చేతిలో ఇంకా ఉంటుంది. 2016 జనవరిలో బయటపడ్డ సీవీఈ-2016-0728 ఇదే. 2017లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి ఇలా చుట్టుతిరగకుండా పైనే ఆగిపోయే కొత్త తరహా లెక్కింపును తెచ్చారు.

చిల్లు పట్టేదెలా?

పెళ్లిని కావాలనే ఆపేసి చూడటం ఒక పద్ధతి! మెమొరీ ఉన్నా సరే ‘లేదు’ అని అబద్ధం చెప్పించే ఏర్పాటు కెర్నెల్‌లో 2.6.20 నుంచే ఉంది. దాంతో ఎవరూ నడవని విఫలమైన దారుల్లోకి ప్రోగ్రాముని బలవంతంగా పంపి చూస్తారు.

2009లో 2.6.31తో వచ్చిన కేమెమ్‌లీక్ మరో సాధనం. తీసుకున్న మెమొరీ ముక్కల్లో ఎవరి చేతిలోనూ చిరునామా మిగల్లేనివాటిని వెతికి ‘ఇవి అనాథలు’ అని చూపిస్తుంది. అయితే నేరుగా పేజీల లెక్కన జరిగే కేటాయింపుల్ని అది చూడదు. కాబట్టి పాస్‌త్రూ మేకుల విషయంలో చాలావరకు మనిషి కళ్లే దిక్కు.

కాక్సినెల్ అనే ఫ్రెంచి సాధనం ఇంకో దారి. ‘ఈ ఫంక్షన్ పిలిచాక, ఆ ఫంక్షన్ పిలవకుండా వెనుదిరిగే చోట్లేవి?’ అని ఒక నమూనా ఇస్తే కోట్ల లైన్లు గాలించి పట్టిస్తుంది. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం ఎర్రటి ఆరుద్ర పురుగుని పోలిన చిన్న పురుగు. చెట్టుమీది చీడపురుగుల్ని తినేది అదేగా!

2023లో 6.5 వెర్షన్ నుంచి మరో సౌకర్యం వచ్చింది. వస్తువు తీసుకునేటప్పుడే ‘నేను ఏ గుమ్మంలోంచి బయటికెళ్లినా ఇది వెనక్కి వెళ్లిపోవాలి’ అని రాసేయొచ్చు. పెళ్లి జరిగినా, ఆగినా సామాను దానంతటదే దుకాణానికి చేరుతుందన్నమాట.

రెండు లైన్లే కదా... అనుకోకండి

చిల్లు పూడ్చే మార్పు చాలాసార్లు రెండుమూడు లైన్లకి మించదు. అందుకే కొత్తగా కెర్నెల్ పని నేర్చుకునే కుర్రాళ్లు ఎక్కువగా ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. కానీ చిన్న మార్పు కదా అని పైపైన చూసి ఆమోదిస్తే ఏమవుతుందో 2014 నాటి 4,096 పేజీల వ్యవహారమే చెబుతుంది. 2021లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు పైకి చిన్న దిద్దుబాట్లలా కనిపిస్తూ లోపల లోపాలు తెచ్చే మార్పుల్ని పంపి, పెద్దలు పట్టుకుంటారో లేదో పరీక్షించిన సంగతి పెద్ద దుమారమైంది. ఆ ఏప్రిల్‌లో వాళ్ల మార్పులు తీసుకోబోమని కెర్నెల్ నిర్వాహకులు తేల్చిచెప్పారు. అప్పటికే తీసుకున్న పాత మార్పుల్నీ మళ్లీ తనిఖీ చేశారు. నమ్మకం కూడా మెమొరీలాంటిదే. ఒకసారి కారిపోతే తిరిగి నింపడం కష్టం.

మంచి మార్పుకి కొన్ని గుర్తులుంటాయి. చిల్లు ఏ మార్పుతో వచ్చిందో అందులో రాస్తారు. అలా రాస్తేనే ఆ చిల్లు ఏయే పాత వెర్షన్లలో ఉందో తెలిసి వాటినీ బాగుచేయగలరు. 2024 ఫిబ్రవరి నుంచి ఇలాంటి లోపాలకు సీవీఈ నంబర్లిచ్చే బాధ్యతను కెర్నెల్ బృందమే తీసుకుంది.

పూడ్చేముందు... ఇవి చూసుకోండి!

* తీసుకున్న ప్రతిదానికీ తిరిగిచ్చే లైను ఉందా? జంటగా రాసి చూసుకోండి.
* ప్రతి విఫలమైన దారినీ వేలుపెట్టి చదవండి. ఏ మెట్టు మీద ఆగిందో, ఏ మెట్టు నుంచి దిగుతోందో సరిపోల్చండి.
* కొలమానం ఒక్కటేనా? బైట్లా, పేజీలా, నంబరా, సంఖ్యా?
* పెట్టడం, తీయడంతో ఆగకండి. జరపడం, మధ్యలో పీకేయడం, హఠాత్తుగా మూసేయడం కూడా ఆలోచించండి.
* రెండుసార్లు తిరిగిస్తున్నారేమో చూడండి. మింగేయడం కంటే అది మరీ చేటు.

లైనక్స్ కెర్నెల్‌లో ఇవాళ 3 కోట్లకు పైగా లైన్లున్నాయి. అందులో ఎక్కడో ఒక మూల, ఎప్పుడో ఒకసారి తప్ప ఎవరూ నడవని దారిలో, ఒక్క లైను తక్కువైతే సర్వరంతా కుదేలు. ఆ ఒక్క లైను రాసినవారి పేరు క్లౌడ్‌లో ఫొటోలు దాచుకునే మనకెవరికీ తెలియదు. సర్వరు ఆగలేదు కాబట్టి తెలియాల్సిన అవసరమూ రాదు. వాళ్ల పని బాగా జరిగిందనడానికి అంతకంటే రుజువేముంటుంది!